ఆరు గంటల నివేదిక

శుక్రవారం సాయంత్రం, పుంటా అరేనాస్ ఆసుపత్రి,
గాలి కిటికీల భుజాలు పట్టుకుని ఊపుతున్నప్పుడు
ఒక హెచ్చరిక వచ్చింది.
తీవ్రత పదికి పది, అని ఉంది.
పరీక్షల్లో అయితే మిఠాయి పంచుకునే అంకె.

నివేదికల సర్వర్‌లో లోపమట.
పేరు అడగదు, పాస్‌వర్డ్ అడగదు,
ఎవరు తోస్తే వాళ్ళకి తెరుచుకుంటుందట.
ప్యాచ్ ఇంకా తయారు కాలేదు, వచ్చేవారం రావచ్చు అన్నారు,
మందు నిండుకుందని రోగులకు మేం చెప్పే గొంతుతోనే.
అసౌకర్యానికి చింతిస్తున్నామన్న వాక్యం మాత్రం
ఏ లోపమూ లేకుండా పంపారు.

నిజం చెప్పాలంటే ఆ యంత్రాన్ని మేమెవరం ఖాతరు చెయ్యలేదు.
రోగుల రికార్డులకు మూడు తాళాలు,
మత్తుమందుల గదికి వేలిముద్ర.
దీనికేముంది,
పద్దులు కూడుతుంది, నీలం పట్టీలు గీస్తుంది,
తెల్లారేసరికి డైరెక్టరు బల్ల మీద కాగితం పెడుతుంది.
గుమస్తాని ఎవడు దోచుకుంటాడు అనుకున్నాం.
అన్ని గదుల తాళంచెవులూ
ఆ గుమస్తా మొలతాడుకే వేలాడుతున్నాయని
శుక్రవారం దాకా తట్టలేదు.

"వైరు పీకేద్దాం" అన్నాను.
నెల్సన్ ఓయర్సున్ చేతిలో మాతే చల్లారిపోయింది.
"మరి ఆరు గంటల నివేదిక?"

అదీ అసలు ప్రశ్న.
ఎన్ని మంచాలు ఖాళీ, ఎన్ని సిలిండర్లు నిండుగా,
ఏ రక్తం ఎన్ని సంచులు,
జలసంధి అవతలి పోర్వెనిర్ నుంచి
ఎవర్ని రమ్మనాలి, ఎవర్ని ఆగమనాలి.

డైరెక్టరుకి ఫోన్ చేశాను. అవతల మాంసం చిటపటలు, ఎవరిదో నవ్వు.
"ఫ్రెసియా, సోమవారం దాకా ఆగలేమా?"
"మనం ఆగగలం. దొంగతో మాట్లాడి చూడండి."
కాసేపు చిటపటలే.
"సరే. నీ ఇష్టం, నీ బాధ్యత."
ఆ రెండు మాటలూ ఎప్పుడూ కవలలే.

ఏడు నలభైకి పీకాను.
పచ్చదీపం రెండుసార్లు ఆలోచించి ఆరిపోయింది.

రాత్రంతా చిట్టాలు చదివాను,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, వరసకొక చూపు.
బుధవారం మూడూ పన్నెండుకి
ఎక్కడిదో తెలియని ఒక చిరునామా.
ఒక్క వరస. అంతే.
తట్టి వెళ్ళిపోయాడో,
లోపలికొచ్చి అడుగులు తుడుచుకుని పోయాడో
చిట్టా చెప్పలేదు.
నలభై ఒక్క పాస్‌వర్డ్‌లు మార్చాం.
దొంగలు పడ్డ ఆరునెలలకు మొరిగిన కుక్కనో,
పడకముందే మొరిగిన కుక్కనో
నాకిప్పటికీ తెలీదు.

నాలుగింటికి యెర్కా వర్సలోవిచ్ వచ్చింది,
పాత రికార్డుల గదిలో పనిచేసే మనిషి, రిటైర్మెంటుకి ఎనిమిది నెలలు.
ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో.
గాలికి మనుషులు కొట్టుకుపోకుండా
మునిసిపాలిటీ వాళ్ళు వీధి మూలల్లో కట్టిన తాడు పట్టుకుని,
ఒక్కో గుంజ దగ్గరా ఆగి, నడిచి వచ్చింది.
కోటు లోపల గళ్ళ పుస్తకం,
చివర కొరికిన పెన్సిలు.

వార్డు వార్డుకీ తిరిగింది.
సిలిండర్‌ని వేలితో కొట్టి చెవి పెట్టి విన్నది.
మూడో అంతస్తులో,
పదకొండు నెలలుగా విరిగిందని నివేదిక చెప్పే
పదిహేడో మంచం మీద
ఒక గొర్రెల కాపరి గురక పెడుతున్నాడు.
"ఇతను మీ యంత్రానికి లేడు" అంది నాతో,
ఒక అంకె కొట్టేసి పక్కన ఇంకోటి వేస్తూ.

ఆరూ నాలుగుకి కాగితం బల్ల మీద ఉంది.
నీలం పట్టీలు లేవు.
కొట్టివేతలు ఏడు, అడుగున సంతకం.
యంత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ సంతకం పెట్టలేదని
నెల్సన్ అన్నాడు, నిద్రమత్తులో.

మర్నాటి గురువారం ప్యాచ్ వచ్చింది. వేశాం.
పచ్చదీపం మళ్ళీ ఏమీ ఎరగనట్టు వెలిగింది.
పుస్తకం దాచుకుంటానని యెర్కాని అడిగాను.
"పెన్సిలు గీతలు, ఎవరికి కావాలి" అంది.
సొరుగులో పెట్టి తాళం వేసి,
తాళంచెవి మెడలో వేసుకుని,
తాడు పట్టుకుని వెళ్ళిపోయింది.